చంద్రకళ పీట

జీడితోటల ఊళ్ళో గవర్రాజు ఇంట్లో ఉన్నంత తెలివి మరే ఇంట్లోనూ లేదట. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకునేవారు. గవర్రాజు, పెళ్ళాం సూరాలు, తమ్ముడు అప్పన్న, పదో తరగతి కూతురు పైడితల్లి. అంత తెలివిలో పుట్టినా పిల్లకి లెక్కలు మాత్రం రావు.

"ఈసారి తప్పితే జీడిపిక్కలు కొట్టడానికి పంపేస్తాను" అని సూరాలు తేల్చేసింది.

 జీడి రసానికి తన వేళ్ళెలా కాలాయో గవర్రాజుకి తెలుసు. పరుగున బడికెళ్ళి లెక్కల మాస్టారి కాళ్ళు పట్టుకున్నాడు.

మాస్టారు బోర్డు చూపించారు. ఒకవైపు రెండు, దాని నెత్తిన ఎక్స్. అవతలివైపు ముప్పై రెండు. "ఆ ముప్పై రెండుని కూడా రెండు వేసి, నెత్తిన అయిదు పెట్టి రాస్తాం. ఇటూ అటూ కింద ఒకటే అయిందా? కింద ఒకటైతే పైన ఉన్నవీ సమానమే. ఎక్స్ అయిదు. అంతే!"

"అంతేనా!" అనుకుంటూ గవర్రాజు ఇంటికొచ్చాడు. పైడితల్లి క్లాసే చదివే ఎదురింటి చంద్రకళకి లెక్కల్లో ఎప్పుడూ నూటికి నూరు. ఆ పిల్ల కింద ఏముంది? పనసచెక్క పీట! ఇంకేముంది, అలాంటి పీటే చేయించి కూతుర్ని కూర్చోబెట్టాడు. స్లిప్ టెస్టులో పాతికకి తొమ్మిదే వచ్చాయి.

"పీట కింద ఏటుంది అన్నియ్యా? వాళ్ళది గచ్చు, మనది మట్టినేల!" అన్నాడు అప్పన్న.

"ఓరి నీ తెలివి తగలెయ్య!" అని మురిసిపోయి ఆ పూటే గచ్చు వేయించాడు. ఆరేదాకా ఆగితే చదువు పాడవుతుందని తడి గచ్చు మీదే పీట వేశారు. గచ్చు బిగిసింది, పీట బిగిసింది, పిల్ల పాదాలూ బిగిశాయి. గునపంతో ఊడదీసేసరికి రెండో టెస్టు అయిపోయింది.

"మరి గచ్చు కిందో?" అంది సూరాలు. అంతే! ముగ్గురూ పలుగులు పట్టుకుని ఎదురింటి పునాది తవ్వారు. గోడ కూలింది. చంద్రకళ తండ్రి కొట్టడానికొస్తే, "కోపమెందుకు బావూ? మా ఇంట్లో ఉండండి, కిందదంతా ఒకటే" అన్నాడు గవర్రాజు.

గతిలేక వచ్చారు. పాపం చంద్రకళ మంచిపిల్ల. పక్కన కూర్చుని ముప్పై రెండుని రెళ్ళుగా, ఎనభై ఒకటిని మూళ్ళుగా విడగొట్టడం ఓపిగ్గా నేర్పింది. "నాన్నా, నాకొచ్చేసింది!" అని పైడితల్లి గంతులేసింది. గవర్రాజు కళ్ళనీళ్ళు తుడుచుకుని పీటకి బొట్టు పెట్టాడు.

పబ్లిక్ పరీక్ష రోజున మనసాగక బడి గోడ దూకి కిటికీలోంచి చూశాడు. చంద్రకళ ముందు బల్ల మీద, పైడితల్లి వెనక బల్ల మీద! కొంప మునిగింది. "తల్లీ, కింద వేరైపోయిందే! చంద్రకళ బల్ల మీదికి పోవే!"

తండ్రి మాట జవదాటని పిల్ల. లేచి వెళ్ళింది. ఆ బల్ల ఇరుకు, అందుకని చంద్రకళ ఒళ్ళోనే కూర్చుంది. కాపీ అని ఇద్దర్నీ బయటికి పంపేశారు.

"అన్నీ వచ్చు నాన్నా, సగం రాసేశాను!" అని పైడితల్లి ఏడ్చింది. చంద్రకళ ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఇద్దరికీ సున్నా. గవర్రాజు బెల్లం పట్టుకుని మాస్టారి దగ్గరికి పరిగెత్తాడు. "మీ సూత్రం తప్పలేదు బావూ! ఇద్దరూ సమానమే!"

మాస్టారు తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. "మరి పిల్లని పిక్కలు కొట్టడానికి పంపేస్తావా?"

"ఎందుకండీ? ఏకంగా లెక్కల మాస్టారమ్మనే చేసేస్తాను" అని గవర్రాజు వంగి ఆయన కింద పరీక్షగా చూశాడు. "ఈ కుర్చీ ఎక్కడ కొన్నారు?"