ఎల్లమంద పెరుగు వాడిక

కుంకుళ్లపురం రాజు నరసభూపతికి భోజనం అరగక ముందే ఏదో ఒక పంతం పుట్టడం అలవాటు. ఆ రోజు మాత్రం ఆ పంతాన్ని పుట్టించినవాడు గోశాల అధికారి దండపాణి.

దండపాణి పొరుగు రాజ్యంలో మూడు నెలలుండి వచ్చాడు. వెళ్లేటప్పుడు మామూలు మీసంతో వెళ్లి, మైనం రాసి మెలితిప్పిన మీసంతోనూ, బుర్ర నిండా కొత్త పద్ధతులతోనూ తిరిగొచ్చాడు. ఒక్క మీసంతో సరిపెట్టుకుని ఉంటే ఎవరికీ ఇబ్బంది లేకపోయేది.

"ప్రభూ, మన గోశాల పాలు తీసుకెళ్లి, తోడేసి, ఊళ్లో పెరుగు పంచే కావడివాళ్లు మన నౌకర్లు కారు. ఒక్కొక్కడూ ఒక్కో వీధి పట్టుకుని ఇది నా వాడిక అంటాడు. ఒళ్లు సహకరించకపోతే దాన్ని ఇంకొకడికి అమ్ముకుంటాడు! ఇకమీదట తోడూ పంపకమూ అన్నీ గోశాలే చూసుకుంటుంది. వాడికలన్నీ రద్దు చెయ్యండి."

సభ చివర స్తంభం పక్కన నిలబడ్డ కావడివాడు ఎల్లమంద ఈ మాట విన్నాడు. కోట వీధి వాడిక అతనిదే. ఇరవై ఆరేళ్ల కిందట భార్య గురవమ్మ వెండి కడియాలు అమ్మి మరీ కొన్నాడు. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయాయి. వాడిక అమ్మేసి రెండు గేదెలు కొనుక్కుని, ఇక కూర్చుని బతుకుదామని అతని ఆశ. బేరం కూడా కుదరబోతోంది.

"రద్దు చేస్తే ధరైనా ఇప్పించండి సామీ," అన్నాడు.

దండపాణి నవ్వాడు. "దేనికి ధర? పాలు గోశాలవి. వీధి రాజుగారిది. తలుపులు ఆ ఇళ్లవాళ్లవి. ఇందులో నీదేముంది?"

రాజుకి ఆ మాట భలే నచ్చింది.

"నిజమే! ఎల్లమందా, నువ్వు అమ్ముతున్న సరుకేమిటో నా కంటికి చూపించు. రేపు సాయంత్రంలోగా చూపిస్తే అడిగిన ధర ఇప్పిస్తాను. లేకపోతే వాడికలు రద్దు."

అప్పుడు సింహాసనం పక్కనుంచి విస్సన్న ఒక అడుగు ముందుకేశాడు. విస్సన్న రాజుగారికి తాంబూలం అందించేవాడు. ఆ ఉద్యోగంలో చేతులకి పని తక్కువ, చెవులకి ఎక్కువ. అందుకే కాబోలు, ఊళ్లో ఎవరింట్లో ఏ కూర వండారో కూడా అతనికి తెలుసు.

"నేను చూపిస్తాను ప్రభూ. రేపొక్క రోజు ఎల్లమంద ఇంట్లో కూర్చోవాలి. కోట వీధిలో పెరుగు వేరే ఎవరైనా పంచాలి. దండపాణిగారిని అడుగుదామంటే... పాపం, మీసం చెదిరిపోతుందేమో."

"నేనే పంచుతాను!" అన్నాడు దండపాణి. "నలభై ముంతలు, నలభై ఇళ్లు. ఇదీ ఒక విద్యేనా?"

సభ ముగిశాక ఎల్లమంద దండపాణి వెనకాల పరిగెత్తాడు. కడుపులో ఎంత బాధ ఉన్నా, వాడిక ఇళ్లు ఇబ్బంది పడితే చూడలేడు.

"అయ్యా, శేషమ్మగారి గుమ్మం ముందు దగ్గాలి..."

"దగ్గడం కూడా నువ్వే నేర్పాలా? పోవయ్యా!"

ఎల్లమంద విస్సన్న దగ్గరికొచ్చి పడ్డాడు. "కొంప ముంచావు సామీ! ఆయన గనక పంచేశాడంటే నా వాడిక గంగలో కలిసినట్టే."

"నువ్వు రేపు కాళ్లు చాపుకుని కూర్చో. అంతే."

"అదే కష్టం సామీ. ఎప్పుడూ కూర్చోలేదు."

మర్నాడు నిజంగానే కూర్చోలేకపోయాడు. నాలుగుసార్లు కావడి భుజానికెత్తుకున్నాడు. నాలుగుసార్లూ గురవమ్మ దింపించింది. వీధి మలుపులో కుక్క అరుపు విని లేచి నిలబడ్డాడు.

"వైద్యుడిగారి కుక్క! ముందు దాన్ని పేరు పెట్టి పిలవాలే!"

"నిన్ను కూర్చోమన్నారు. కూర్చో!"

సాయంత్రానికి సభ కిటకిటలాడింది. దండపాణి పంచె మోకాలి దగ్గర చిరిగి ఉంది. మీసం ఒకవైపు ఆకాశాన్నీ, మరోవైపు నేలనీ చూస్తోంది. తన భోజనం వేళకి పెరుగు పులిసిపోయి, రాజు పచ్చి చింతకాయ కొరికినవాడిలా ఉన్నాడు.

సేనాపతి ముందుకొచ్చాడు. "ప్రభూ, నాకు మజ్జిగపులుసు లేనిదే ముద్ద దిగదు. ఇవాళ వచ్చిన పెరుగు పాయసంలా తియ్యగా ఉంది!"

శేషమ్మగారు కొంగు దోపుకుంది. "ఈయనగారు మడి వంటింటి గడప దాకా వచ్చేశాడు! నా గుమ్మం ముందు దగ్గితే నేనే బయటికొచ్చి గిన్నె పెడతాను. మళ్లీ స్నానం చేసి, మళ్లీ వండుకుని తినేసరికి పొద్దు వాలింది."

"నలభై ముంతలూ ఇచ్చాను!" అని అరిచాడు దండపాణి. "అన్నిటికీ ఒకే వేళ, ఒకే కొలతన తోడేయించాను! ఇంతకన్నా పద్ధతి ఏముంటుంది?"

రాజు ఎల్లమందని పిలిపించాడు. "నువ్వెలా వేస్తావు?"

"తమరు భోజనానికి ఆలస్యంగా కూర్చుంటారు సామీ. పులుపు పనికిరాదు. తమ ముంత కోడి కూశాక తోడేస్తాను. సేనాపతిగారిది ముందురోజు పొద్దున్నే వేస్తాను. ఎవరి వేళ వాళ్లది."

రాజు తలూపాడు. "బాగానే ఉంది. కానీ విస్సన్నా, సరుకు కంటికి చూపిస్తానన్నావు. ఏదీ?"

"పొద్దుటినుంచీ చూపిస్తూనే ఉన్నాను ప్రభూ."

"ఎక్కడ? ఇన్నేళ్లూ నాకెందుకు కనబడలేదు?"

విస్సన్న వినయంగా తాంబూలం చేతికిచ్చి అన్నాడు:

"ఎల్లమంద నేర్పే ఆ సరుకు ప్రభూ. అది వచ్చిన రోజున కనబడదు. రాని రోజున ఊరందరికీ కనబడుతుంది."

రాజు పకపకా నవ్వాడు. మెడలోని ముత్యాల హారం తీసి విస్సన్న మెడలో వేశాడు. గోశాలకి ఏ వాడిక కావాలన్నా ధర పెట్టి కొనుక్కోవలసిందేనని అక్కడికక్కడే ఆజ్ఞాపించాడు.

"కోట వీధితోనే మొదలుపెడదాం. ఎల్లమందా, ధర చెప్పు."

ఎల్లమంద చేతులు కట్టుకుని, దండపాణి మీసం వంక ఒకసారి చూశాడు.

"రెండు మంచి పాడి గేదెల ఖరీదు ఇప్పించండి సామీ. దగ్గడం మాత్రం అయ్యగారికి ఊరికే నేర్పుతాను."

సభంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది శేషమ్మగారే.