గుండ్రటి ముద్ర

ఇందులో ఒక్క అబద్ధమున్నా నా నోట్లో మిగిలిన రెండు పళ్ళూ ఇప్పటికిప్పుడు రాలిపోవాలి.

ఒక ఊళ్ళో అందరూ కలిసి రాసే పుస్తకం ఉండేది. ఎంత పెద్దదంటే, ఒక్క పేజీ తిప్పాలన్నా పన్నెండు జతల ఎద్దులు కట్టాలి. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా కొట్టేయొచ్చు. ఒకటే కట్టుబాటు: రాసినదాని కింద, వెళ్ళి కళ్ళారా చూసిన మనిషి సిరాలో కాళ్ళు ముంచి రెండు పాదాల ముద్రలూ వేయాలి. ముద్రలు లేని మాటని, పుస్తకానికి కాపలా ఉండే తడిగుడ్డ మనిషి తుడిచేస్తాడు. ఊళ్ళో ఎవరికి ఏ పని ఇవ్వాలన్నా ముందు ఆ పుస్తకమే చూసేవాళ్ళు.

అందులో వంకాయకి ఏడు వందల పేజీలు. రాజుగారి మీసానికి, ఒక్క ఎడమ వైపుకే, తొంభై. ఒంటికాలి వాళ్ళకి మాత్రం ఒకే వాక్యం: "కుంటివాళ్ళు: పాపం, ఇంట్లో కూర్చుంటారు."

చంకకర్రతో నడిచే ఒకామె రేవులో పడవ నడిపే పని అడిగింది. ఆమె తెడ్డు వేస్తే చేపలు వెనకబడి ఆయాసపడేవి. రేవు పెద్ద పుస్తకం చూసొచ్చి, "ఇంట్లో కూర్చుంటారని రాసుందమ్మా. వెళ్ళి కూర్చో," అన్నాడు.

"పడవలో మాత్రం నిలబడి తెడ్డేస్తారా? అక్కడా కూర్చునేగా!" అందామె. ఆయన చెవిన పడలేదు.

ఆమె నేరుగా పుస్తకం దగ్గరికి వెళ్ళింది. ఆ వాక్యం కొట్టేసి, "ఒంటికాలి మనిషి పడవ నడుపుతుంది. రేవుకి మెట్ల బదులు వాలుదారి ఉంటే ఎవరి చెయ్యీ అక్కర్లేదు," అని రాసింది. కింద ముద్ర వేసింది: ఒక అరికాలు, పక్కన కర్ర మొన గుండ్రంగా.

తడిగుడ్డ మనిషి అది తుడిచేసి, పాత వాక్యాన్ని మళ్ళీ నిలబెట్టాడు. చెడ్డవాడు కాదు, కట్టుబాటంటే ప్రాణం, అంతే.

"రెండో పాదం ఏదమ్మా?"

"అదే కదయ్యా నేను రాసింది!"

ఆయన తుడవడం, ఆమె రాయడం. మూడు వందల సార్లు. గుడ్డకి చిల్లులు పడ్డాయి గానీ ఆమె చెయ్యి ఆగలేదు. చివరికి పాత వాక్యం కింది ముద్రల మీద వేలు పెట్టింది.

"ఈ పెద్దమనిషి అరికాళ్ళు చూడండి. ఒక్క పగులు లేదు, ఒక్క ముల్లు గాటు లేదు. వెన్నముద్దలు! గడప దాటిన కాళ్ళేనా ఇవి? ఎవరింటికెళ్ళి ఎవర్ని చూసొచ్చాడో చెప్పండి."

తడిగుడ్డ మనిషి వంగి చూశాడు. ముఖం చేతిలో గుడ్డలాగే తడిసిపోయింది. "అయితే నేనే వచ్చి చూస్తాను," అన్నాడు.

ఆ రోజు ఏట్లో అలలు తాటిచెట్లంత. రేవు పెద్ద అడ్డం వచ్చేలోగా ఆమె కర్ర పడవలో పడేసి, చేతుల మీద లోపలికి జారి, తెడ్డు అందుకుంది. తడిగుడ్డ మనిషి తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచి, చాలక తెలియని వాళ్ళని కూడా పిలిచాడు. ఆమె కూనిరాగం తీస్తూ అవతలి ఒడ్డు తాకి, తిరిగి తెచ్చి దించింది. ఆయన చొక్కా మీద ఒక్క చుక్క పడలేదు.

మళ్ళీ పుస్తకం దగ్గరికొచ్చారు. ఆమె వాక్యం రాసింది. సాక్షిగా ఆయన పాదాలు సిరాలో ముంచాడు గానీ, మోకాళ్ళ వణుకు ఇంకా తగ్గలేదు, నిలబడలేకపోయాడు.

"అమ్మా, నీ కర్ర ఒకసారి..."

ఇచ్చింది. పేజీ మీద మూడు ముద్రలు పడ్డాయి: రెండు అరికాళ్ళు, మధ్యలో గుండ్రంగా ఒకటి. వాటినే చాలాసేపు చూసి, గుడ్డ పిండి ఆరేశాడు.

"పక్కన మీరూ వేయండమ్మా," అన్నాడు.

మర్నాడు ఏడు ఊళ్ళ పొడుగున వరస కట్టారు. చూపు లేనివాళ్ళు చేతికర్రల మొనలతో, నడవలేనివాళ్ళు బండి చక్రాలతో, సైగలతో మాట్లాడేవాళ్ళు అరచేతులతో ముద్రలు వేశారు. ఆ పేజీలు తిప్పడానికి ఎద్దులు చాలక ఏనుగుల్ని తెచ్చారు. రేవు పెద్ద వాలుదారి వేయించి, తెడ్డు రెండు చేతులా ఆమెకి అందించాడు. తన ఏడు వందల పేజీలూ ఏ మూలకీ రాలేదని వంకాయ కుళ్ళిపోయింది.

చూడు, నా పళ్ళు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. సరే, లే ఇక. రేవులో ఆ వాలుదారి ఇప్పటికీ ఉందని పుస్తకంలో రాసుంది. ఉందో లేదో వెళ్ళి చూసి రా. వచ్చేటప్పుడు కాళ్ళు మాత్రం కడుక్కోకు.