బొమ్మలమిట్ట సరస్వతమ్మ, పదకొండు చుట్ట

2019 జూన్ 12, బుధవారం. తెల్లవారుజామున నాలుగు చినుకులు రాలి, ఎనిమిదికల్లా ఉక్క పట్టుకుంది. ఆనాడు బడులు తెరిచారు కాబట్టి బొమ్మలమిట్ట సరస్వతమ్మ సన్నిధిలో పిల్లలతో, పలకలతో తొక్కిసలాటే. ఇక్కడ శిలావిగ్రహం లేదు. వెనుక దీపం, ముందు తెల్లని తెర, నడుమ తోలుబొమ్మ. అమ్మవారు నీడగా దర్శనమిస్తారు. తెర ఎత్తి చూడవద్దని మూడు చోట్ల రాయించినా భక్తులు ఎత్తి చూస్తూనే ఉన్నారు. ఏం చెప్పగలం!

పూర్వం ఈ మిట్ట కింద అనంతశయనం అనే అయ్యవారు బడి నడిపేవారు. ఆయన పొడుం అలవాటు గురించి చాలా చెబుతారు గాని, అది వేరే సంగతి. రెండేళ్లు గొంతు చించుకున్నా పిల్లలు పది దాటలేదు. పది తర్వాత ఎంత అంటే "మళ్లీ ఒకటి" అనేవారు. విసిగిపోయి ఆయన, బొమ్మలాట ఆడించే తుకాబాయిని బతిమాలి బొమ్మల పెట్టె తెచ్చుకున్నారు. తెరపై రావణుణ్ణి నిలిపి తలలు ఎంచమన్నారు. పది. పక్కకు రాముడు వచ్చాడు. పదకొండు! హనుమంతుడు దూకాడు. పన్నెండు!

ఆ సంబరంలో పదకొండు చెదిరిపోకూడదని రాముణ్ణీ రావణుణ్ణీ ఒకే చుట్టగా చుట్టి పెట్టెలో పెట్టారు. బొమ్మలవాళ్లు ఆ ఇద్దరినీ ఎన్నడూ కలిపి ఉంచరు. మర్నాటికి రాముడి మోచెయ్యి చిరిగింది.

"ఏంది సామీ ఈ పని! పగవాళ్లను పక్కపక్కన పండబెడితే ఊరుకుంటారా?" అని తుకాబాయి తల బాదుకుంది.

"తోలు ఎండి చిరిగిందమ్మా."

"లెక్క నీకు తెలుసు. వాళ్లిద్దరి సంగతి నాకు తెలుసు."

చిరిగిన బొమ్మను ఏట్లో కలపడం వారి ఆచారం. అంతా మైలపడిందంటూ ఆమె ఏట్లో కలపడానికి పెట్టె మొత్తం నెత్తికెత్తుకుంది. పిల్లల చదువు పన్నెండు దగ్గరే ఆగిపోతుందని అయ్యవారు వెంటపడ్డా వినలేదు. మిట్ట ఎక్కేసరికి ఎండకు తాళలేక పెట్టె దించి కునుకు తీసింది. కలలో అమ్మవారు చిరాకుగానే కనబడి, "తప్పు అయ్యవారిదైతే శిక్ష పిల్లలకా? రాముణ్ణి ఏటికివ్వు, కొత్తవాణ్ణి గీసుకో. పెట్టె ఇక్కడే ఉంచు. ఏటా అతని చేతనే బొమ్మలు చుట్టించు. పిల్లలు తప్పు పట్టాలి" అని సెలవిచ్చారు.

నేటికీ బడులు తెరిచే రోజున ఉపాధ్యాయులు ఇక్కడ కూర్చుని రాముణ్ణీ రావణుణ్ణీ కలిపి చుడతారు. చుట్టూ పిల్లలు "తప్పు సార్, తప్పు!" అని అరుస్తారు. అలా దిద్దించుకున్నవారి తరగతికి లెక్కలు తప్పక వస్తాయని నమ్మకం.

వృద్ధాప్యంలో తుకాబాయి మద్దెల పెద్దకొడుక్కి, తాళాలు చిన్నవాడికి, పెట్టె అమ్మవారికి ఇచ్చేసింది. అయ్యవారికి ఏమీ రాలేదు. గుర్తుగా ఒక్క హనుమంతుణ్ణి అడిగితే, "ముందు నా రాముణ్ణి తెచ్చియ్యి సామీ" అందట.