పేల నాంచారి

అనగా అనగా అంటే ఎప్పుడని అడక్కండి. నాకు చెప్పిన ముసలమ్మకే తెలీదు. అప్పట్లో ఒక ఊరు. ఊరికి ఒకపక్క ఉప్పుమళ్ళు, రెండోపక్క ఉప్పుమళ్ళు, మూడోపక్క సముద్రం. నాలుగోపక్క దారి. ఆ దారినే ఆడపిల్లలు పెళ్ళిళ్ళై వెళ్ళేవాళ్ళు. ఆ దారినే చుట్టాలు వచ్చేవాళ్ళు. చుట్టాలతోపాటు పేలూ వచ్చేవి.

ఆ ఊళ్ళో నాంచారి అని ఒకావిడ ఉండేది. మొగుడు ఉప్పు అమ్మడానికని పడవెక్కి పోయాడు. పోయినవాడు పోయినట్టే. చచ్చాడన్న కబురు లేదు, బతికాడన్న కబురూ లేదు. అందుకని నాంచారి బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు, జుట్టు తీయలేదు. పొద్దున్నే మళ్ళోకి దిగి ఉప్పు లాగేది. ఎండ ముదిరాక గట్టెక్కేది. పగిలిన మడమల్లో ఉప్పు దిగి మంట. ఇంటికెళ్ళి నడుం వాల్చాలనుకునేది. వాల్చనిస్తేగా!

"నాంచారక్కా, మా పిల్ల గోకి గోకి చస్తోంది. కాస్త తల చూడవే."

"నాంచారత్తా, నా జడలో ఏదో పాకుతోంది."

"నాంచారీ, నువ్వు చూస్తేగాని నాకు నిద్ర పట్టదే."

నాంచారి నిట్టూర్చేది. అరుగుమీద కూలబడి కాళ్ళు చాపేది. "కూర్చో తల్లీ, అయిపోతుంది," అనేది. పాయ పాయా విడదీసి పేలు తీసేది. ఈరుపెనతో దువ్వి ఈపులు, ఆ పేల గుడ్లు కూడా, లాగేది. అందరికీ తలలో నాలుకలా ఉండేవాళ్ళుంటారు చూశారూ, ఆవిడ ఊరందరి తలల్లోనూ వేళ్ళయింది.

ఓ ఎండాకాలం ఆ ఊళ్ళో ఆదెమ్మ కూతురు పున్నమ్మకి పెళ్ళి కుదిరింది. మంచి సంబంధం. పెళ్ళికొడుకు నెమ్మదస్తుడు, పిల్ల అతన్ని చూసినప్పట్నుంచీ నేల చూపులు చూస్తోంది. వచ్చిన చిక్కల్లా పెళ్ళికొడుకు తల్లి చిట్టెమ్మతోనే. చేటలో బియ్యం పోయకముందే అందులో రాయి ఎక్కడుందో చూసే మనిషి. పైగా ఆ సీమలో ఒక ఆచారం ఉండేది. పెళ్ళిరోజు పొద్దున్నే మగపెళ్ళివారి ఆడవాళ్ళు వచ్చి, పెళ్ళికూతురికి తల దువ్వి జడ వేయాలి. కిందటేడు పక్కూళ్ళో ఒక పిల్లకి అలా దువ్వుతుంటే ఒక పేను కనబడింది. ఒకటే. మగపెళ్ళివారు దువ్వెన అక్కడే పారేసి బండ్లు కట్టించుకుని పోయారు. ఆ పిల్లని ఇప్పటికీ ఎవరూ చేసుకోలేదు.

ఆదెమ్మ కూతురి తల ముందే చూపించింది. నాంచారే చూసింది. ఈపి కూడా లేదు. అప్పుడు పున్నమ్మకి పసుపు రాసి పెళ్ళికూతుర్ని చేశారు.

చేశాక ఇంకో ఆచారం. ఇది ఇంకా గట్టిది. పెళ్ళికూతురికి పసుపు రాసినప్పట్నుంచి తాళి కట్టేదాకా ఆ ఇంట్లో ఉన్న ఏ ప్రాణినీ చంపకూడదు, బయటికి పట్టుకెళ్ళైనా సరే. చీమనైనా ఊదాలేగాని నలపకూడదు. చంపితే, పోయిన ఆ ప్రాణం తాళి కట్టినవాణ్ణి వెతుక్కుంటూ వస్తుందని వాళ్ళ నమ్మకం. మరి పెళ్ళిలో చేపలపులుసు సంగతేమిటంటారా? అది పక్కింట్లో వండేవాళ్ళు. శాస్త్రం శాస్త్రమే, పులుసు పులుసే.

పెళ్ళికి పున్నమ్మ మేనత్త వచ్చింది. ముగ్గురు కూతుళ్ళనీ వెంటేసుకుని దూరం నించి బండిమీద వచ్చింది. ముగ్గురూ చక్కని పిల్లలు. ముగ్గురూ వదినంటే ప్రాణం పెట్టేవాళ్ళు. పెళ్ళికూతురితో ఒకే చాపమీద, తలకి తల ఆనించి పడుకున్నారు. ఇక చెప్పేదేముంది? పేనుకి పెత్తనమిస్తే తలంతా కొరికిందని ఊరికే అన్నారా? పెళ్ళి రేపనగా పున్నమ్మ తలలో చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి తీయలేదు.

"అమ్మా, దురదే."

ఆదెమ్మ వచ్చి పాయ తీసి చూసింది. చూసి చటుక్కున పాయ మూసేసింది.

నమ్మకమైన ముసలమ్మలు ముగ్గుర్ని లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"వేపనూనె పట్టించండి," అంది మొదటి ముసలమ్మ.

"చస్తాయిగా," అంది ఆదెమ్మ.

"సీతాఫలం గింజలు నూరి పెట్టండి," అంది రెండో ముసలమ్మ.

"అవీ చస్తాయిగా."

"పోనీ ఏరి, పెరట్లో వదిలేయండి," అంది మూడో ముసలమ్మ.

"తల వదిలిన పేను బతుకుతుందా పిన్నీ? ఎండకి అదీ చస్తుందిగా."

తీస్తే కాబోయే అల్లుడి ప్రాణానికి భయం. తీయకపోతే చిట్టెమ్మ భయం. పున్నమ్మ మూలన కూర్చుని, గోక్కోవడానికి కూడా భయపడి, గుప్పిళ్ళు బిగబట్టుకుని ఏడుస్తోంది. చివరికి ఎవరో అన్నారు, నాంచారిని పిలవమని. తోచకపోతే ఆ ఊళ్ళో అందరూ అనే మాట అదే.

నాంచారి అప్పుడే మళ్ళోంచి వచ్చింది. మోకాళ్ళదాకా ఉప్పు తెల్లగా పేరుకుపోయి ఉంది. ఒంట్లో జ్వరం కూడా ఉంది. ఆదెమ్మ చెప్పిందంతా విని, పిల్ల వంక చూసింది.

"తల వదిలితే చస్తాయి. తల మారితే చావవుగా," అంది.

"ఎవరి తలకి మారతాయక్కా?"

"నాది ఖాళీగానే ఉందిలే ఆదెమ్మా."

ముసలమ్మలు ముఖముఖాలు చూసుకున్నారు. వద్దని ఒక్కరూ అనలేదు. నాకు ఈ కథలో ఒళ్ళుమండే చోటు ఇదే. ముగ్గురికీ మూడు తలలున్నాయి, ఒక్కరూ నా తలకి కాసిని రానీ అనలేదు. పైగా ఈపులకి ప్రాణముందా లేదా అని వాదన పెట్టుకున్నారు. పొదగని గుడ్డు ప్రాణం కాదని ఒకావిడ. పొదిగాక అవుతుందిగా అని ఇంకొకావిడ. నాంచారి విసిగిపోయింది.

"అవీ నాకే ఇవ్వండమ్మా. వాదించుకునే ఓపిక నాకు లేదు," అంది.

పిల్ల వెనక పీట వేసుకుని కూర్చుంది. దీపాలు పెట్టేవేళకి అయిపోవాలి, దీపాలు పెట్టాక తల దువ్వకూడదు కదా. పాయ తీసేది. పేను కనబడితే నలగకుండా రెండు వేళ్ళతో పట్టి తన పాపిట్లో వదిలేది. ఈరుపెన దువ్వి ఈపులు లాగి, ఊడిన వెంట్రుకలతో ఉండచుట్టి తన కొప్పులో దోపుకునేది. మళ్ళీ పాయ తీసేది. ఎండ అరుగుమీంచి దిగింది. వాకిట్లోకి పోయింది. నాంచారి వేళ్ళు ఆగలేదు.

"అత్తా, నీకు దురద పుట్టడం లేదా?" అంది పున్నమ్మ.

"పుడుతోంది."

"మరి గోక్కోవేం?"

"ఏ చేత్తో గోక్కోమంటావే? కూర్చో తల్లీ, అయిపోతుంది."

కొంచెంసేపటికి నాంచారే అంది, "రేపు నేను పందిట్లో బంతికి కూర్చుందామనుకున్నానే. ఇంకొకరు వడ్డిస్తే కూర్చుని తిని ఎన్నాళ్ళయిందో. ఇహ కూర్చోనిస్తారా?"

పున్నమ్మ వెనక్కి తిరిగి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "తాళి కట్టాక చంపొచ్చుగా అత్తా. పెళ్ళవనీ. నీ తల నేను చూస్తాను. నా చేతుల్తో చూస్తాను."

"సర్లే, ముందుకి తిరుగు," అంది నాంచారి. నవ్వింది మాత్రం.

పొద్దున్నే చిట్టెమ్మ వచ్చింది. వాకిట్లో వెలుగున్న చోట పిల్లని కూర్చోబెట్టింది. కుడిపాయ చూసింది, ఎడమపాయ చూసింది, వెనకపాయ చూసింది. 

"తల శుభ్రంగా పెట్టుకున్నావే కోడలా," అని చిట్టెమ్మ దువ్వెన తీసింది. జడ వేశారు, పూలు పెట్టారు, తాళి కట్టారు. పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. నాంచారి పందిరి బయట ఉప్పుకుప్ప నీడలో కూర్చుంది. ఆ ముసలమ్మల్లో ఒకావిడ విస్తట్లో అన్నం తెచ్చి, దగ్గరికి రాకుండా, ఇసుకలో పెట్టి వెళ్ళింది. సాయంత్రం పెళ్ళికూతురు బండెక్కి వెళ్ళిపోయింది.

ఎవరి తల వాళ్ళు చూసుకోలేరు కదా. నాంచారి వేపనూనె రాసుకుంది. పెద్దవి పోయాయి, ఈపులు మిగిలాయి. ఈపులు మళ్ళీ పేలయ్యాయి. గుండు చేయించుకోవచ్చుగా అంటారేమో. జుట్టు తీయించుకుంటే మొగుడు పోయాడని తన నోటితో ఒప్పుకున్నట్టే. అది ఆవిడ వల్ల కాలేదు. జరిగిందేమిటో ఊరికి తెలీదు. అత్తవారికి తెలిస్తే కొంప మునుగుతుందని ఆదెమ్మ ఆనాడు లోపలున్న అందరిచేతా ఒట్టేయించుకుంది. ఊళ్ళోవాళ్ళు నాంచారి పక్కన కూర్చోవడం మానేశారు. తలలు చూపించుకోవడం మానేశారు. పేల నాంచారి అని పేరు పెట్టారు. ఆవిడ వేళ్ళు తిరగని తల ఆ ఊళ్ళో ఒక్కటుందేమో వెతికి చెప్పమనండి.

పున్నమ్మ పుట్టింటికి మొదటిసారి వచ్చింది. "అమ్మా, నాంచారత్త తల చూడాలే," అంది. "ఇప్పుడొద్దే, నీతో మీ ఆడపడుచు వచ్చింది," అంది ఆదెమ్మ. రెండోసారి వచ్చింది. "ఇప్పుడొద్దే, మీ అత్తగారి చెల్లెలు మన వీధిలోనే దిగింది." మూడోసారి వచ్చింది. "ఇప్పుడొద్దే, కడుపుతో ఉన్నావు, ఆ పేలు నీకంటితే?" మూడుసార్లూ పున్నమ్మ సరేనంది. మూడుసార్లూ వెళ్ళేటప్పుడు నాంచారి గుడిసె ముందు బండి ఆపించింది. దిగలేదు. "మళ్ళీ వచ్చినప్పుడత్తా," అని కేకేసింది. "సర్లే తల్లీ," అంది లోపల్నుంచి నాంచారి. బయటికి రాలేదు, లేచే ఓపిక లేక.

వానలు పడి ఉప్పుపని ఆగిపోయింది. నాంచారికి జ్వరం తిరగబెట్టింది. ఒకనాటి పొద్దున్న ఆవిడ గుడిసెలో పొయ్యి రాజలేదు. పక్కింటావిడ వెళ్ళి చూసేటప్పటికి అయిపోయింది.

కబురు విని పున్నమ్మ వచ్చింది. వెంట చిట్టెమ్మా వచ్చింది.

"కడుపుతో ఉన్నదానివి, శవం దగ్గరికి వెళ్ళకూడదే," అంది చిట్టెమ్మ.

పున్నమ్మ వినలేదు. శవానికి నీళ్ళు పోయడానికి కూడా ఎవరూ ముందుకి రావడం లేదు. అందరూ వాకిట్లోనే నిలబడ్డారు, తలంతా పేలేనట అని గుసగుసలాడుతూ. పున్నమ్మ లోపలికి వెళ్ళింది. నాంచారి తల ఒళ్ళో పెట్టుకుంది. కొప్పు విప్పి పాయ తీసింది. ఇంకో పాయ తీసింది. తీస్తూనే ఉంది, తీస్తూనే ఉంది.

ఒక్క పేను లేదు.

తల చల్లబడితే పేలుండవు. వెచ్చదనం ఎక్కడుందో వెతుక్కుంటూ పోతాయి. ఆవిడ బతికున్నన్నాళ్ళూ కొరుక్కు తిని, ఆవిడ పోగానే అవీ లేచిపోయాయి. చూస్తానని మాటిచ్చిన పిల్ల వచ్చేసరికి చూడటానికి ఏమీ మిగల్లేదు. పున్నమ్మ ఆ తలని పట్టుకుని గుండెలవిసేలా ఏడ్చింది. ఏడుస్తూనే జరిగిందంతా చెప్పింది. అత్తగారి ముందు, ఊరి ముందు, దాచకుండా చెప్పింది. ఆదెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, అయిపోయింది, కూతురి కాపురం పోయిందని.

చిట్టెమ్మ వాకిట్లోంచి అంతా వింది. తర్వాత చెప్పులు వదిలి గుడిసెలోకి వంగి వచ్చింది.

"దువ్వెన ఇటివ్వవే," అంది. "నువ్వు నీళ్ళు తే. కడుపుతో ఉన్నదానివి, బరువైన బిందె ఎత్తకు, చెంబుతో తే."

అత్తాకోడళ్ళిద్దరూ కలిసి నాంచారికి తలంటి, చిక్కుతీసి, నూనె రాసి, జడ వేశారు. అప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళు ఒక్కొక్కరే తలలు దించుకుని లోపలికి వచ్చారు. ఒకరు చీర తెచ్చారు, ఒకరు పువ్వులు తెచ్చారు. ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయో ఆ పువ్వులు.

ఆ తర్వాత చిట్టెమ్మని ఏ పెళ్ళిలో జడ వేయడానికి పిలిచినా ముందు తనే పీటమీద కూర్చునేది. పెళ్ళికూతుర్ని వెనక నిలబెట్టి, "ముందు నా తల చూడవే," అనేది. మొదట్లో జనం నవ్వారు. తర్వాత అదే పద్ధతైంది. ఇప్పటికీ ఆ ఉప్పుమళ్ళ ఊళ్ళలో పెళ్ళికూతురికి జడ వేసే ముందు, వేయబోయే ఆవిడ తలని పెళ్ళికూతురే దువ్వాలి. ఉత్తుత్తి దువ్వు కాదు, పాయ పాయా తీసి చూడాలి. దానికి 'నాంచారి దువ్వు' అని పేరు. ముహూర్తం మించిపోతోందని పంతులు కేకలేసినా ఆ దువ్వు దాటరు. పెళ్ళిలో మొదటి విస్తరి కూడా ఆ జడవేసినావిడకే, పందిట్లో కూర్చోబెట్టి మరీ వడ్డిస్తారు.

ఇంకొకటి కూడా ఉంది. ఎవరైనా ఎవరికైనా చేయాల్సింది చేయకుండా, ఇప్పుడొద్దు, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం అంటే, అక్కడి ముసలమ్మలు ఊరుకోరు. "తల వెచ్చగా ఉన్నప్పుడే చూడవే," అంటారు. అన్నాక ఆ మనిషి లేచి వెళ్ళేదాకా చూస్తూ కూర్చుంటారు.