సందులో ఇరుక్కున్న ఉయ్యాల

సాలూరు లారీ డ్రైవర్లకి గురువైన పారినాయుడికి ఒక అలవాటుంది. ఆయన స్టీరింగు వదిలి చాలాకాలమైంది. అయినా శిష్యుల్లో ఎవడు రాష్ట్రం దాటే లోడు ఎత్తినా, ముందు ఆయన అరుగు మీద కూర్చుని దారి అప్పజెప్పాల్సిందే. అదీ తిరగేసి! సరుకు దించే గోడౌను గేటు దగ్గర మొదలెట్టి, వెనక్కి నడుచుకుంటూ సాలూరు దాకా రావాలి. ఏ వంతెన ఎంత బరువు ఆపుతుంది, ఏ ఊళ్ళోకి పగలు పెద్దబళ్ళని రానివ్వరు, కళ్ళు మూతలు పడకముందే ఎక్కడ బండి ఆపి నడుం వాల్చాలి, అన్నీ రావాలి. ఒక్కచోట నాలుక తడబడిందా, మళ్ళీ మొదటికే.

ఆ రోజు గౌరీసు వంతు. రాయపూర్‌కి గ్రానైటు పలకల లోడు. అత్తవారిదీ ఆ ఊరే. భార్య హైమ అక్కడే తొలి కాన్పులో ఆడపిల్లని కన్నది. బిడ్డని గౌరీసు ఫోనులోనే చూశాడు. చూసిన కొద్దీ ఆకలి పెరిగిందే తప్ప తీరలేదు. ఫోనులో వాసన రాదు కదా! పసిపిల్ల ఒంటి వాసన ఎలా ఉంటుందో ఊహించుకుంటూ, డీజిలు కంపు కొట్టే తన అరచేతులు చూసుకునేవాడు. ఆదివారం పొద్దున్న పిల్లని ఉయ్యాలలో వేస్తారు. ఆ వేళకి తను అక్కడ ఉండాలి. అతనికి లోకంలో ఇంక వేరే కోరిక లేదు.

అందుకే దారి గబగబా అప్పజెప్పేశాడు. మాటల్లోనే పెద్దరోడ్డు వదిలేసి, కొండ మీది అడ్డదారి పట్టాడు.

"ఏటిరా, అటు దూరేవు?" అన్నాడు గురువు.

"మొన్న ఆ దారినే కదా గురూగారూ వచ్చేను! ఒక్కడైనా ఆపితే ఒట్టు. పెద్దరోడ్డున ఆగుతూ పడుకుంటూ వెళ్తే సోమవారానికి గానీ చేరను. తెలిసిన దారి, దగ్గర దారి. ఎందుకు వద్దంటారు?"

"మరి పాత వంతెన దగ్గర బరువు బోర్డు?"

"దాన్ని ఎవడు చూస్తాడు గురూగారూ!"

పారినాయుడు పెరటివైపు చెయ్యి చూపించాడు. "ముందు నీ ఉయ్యాల పట్టుకెళ్ళి బండిలో పెట్టు. తర్వాత మాటాడుదుం," అన్నాడు.

గౌరీసు వడ్రంగి చేత చేయించి, గురువు పెరటి గదిలో దాచిన టేకు ఉయ్యాల అది. దాన్ని నెత్తికెత్తుకుని పెరటి సందులోకి దిగాడు. ఆ సందు నేరుగా లారీ పక్కనే తేలుతుంది. ఇందాక వచ్చిందీ అటే. సగం దూరం వెళ్ళేసరికి ఉయ్యాల కాళ్ళు రెండు గోడల మధ్యా బిగుసుకున్నాయి. ముందుకి తోస్తే రాదు, దించుదామంటే చోటు లేదు. పక్కింటి కిటికీలోంచి ఓ ముసలమ్మ, "ఓలమ్మో, నా గోడ కూలదోసీగలవు నాయనా!" అని కేక పెట్టింది.

గురువు టీ గ్లాసుతో వచ్చి సందు మొదట్లో నిలబడ్డాడు. "ఆగిపోయావేటిరా? తెలిసిన దారే కదా. ఇందాక ఇటే వచ్చావు కదా."

"అప్పుడు ఖాళీ చేతుల్తో వచ్చేను గురూగారూ!" అని గౌరీసు ఉక్రోషంగా అరిచాడు.

అరిచాక ఆ మాట అతనికే వినబడింది. మొన్న కొండ మీంచి వచ్చినప్పుడు బండీ ఖాళీదే.

గౌరీసు అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి వచ్చాడు. ఉయ్యాల కాలు ఒకదాని పాలిష్ చెక్కుకుపోయింది. దాన్ని వేలితో తడుముకుంటూ వీధి చుట్టూ తిరిగి లారీ చేరాడు. క్యాబిన్‌లో ఉయ్యాలని తాడేసి కట్టి, హైమకి ఫోను చేశాడు.

"ఆదివారానికి అందుకోలేను హైమా."

అవతల పిల్ల గునిసి ఏడవడం వినిపించింది. ఆ తర్వాత హైమ, "ముహూర్తం ఆగదుట. చీరతో ఉయ్యాల కట్టి వేసేస్తానంటోంది అమ్మ," అంది.

"వేసెయ్యండి," అన్నాడు. ఫోను పెట్టేసి, టైరు పక్కన చతికిలబడి, ఎవరైనా చూస్తారన్న సిగ్గు లేకుండా ఏడ్చాడు. తన బిడ్డని తొలిసారి ఊపే చెయ్యి తనది కాదు. అంత కష్టం అతనికి ఎప్పుడూ కలగలేదు.

పారినాయుడు నెమ్మదిగా వచ్చి, ఆ పక్కనే మట్టిలో కూర్చున్నాడు. ఏడవనిచ్చాడు.

"ఉయ్యాలలో వేసేది ఒక్కపూటేరా," అన్నాడు చివరికి. "ఊపడానికి రోజూ మనిషి కావాలి."

గౌరీసు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మళ్ళీ అప్పజెప్పమంటారా గురూగారూ? గోడౌను గేటు దగ్గర్నుంచి?"

గురువు క్యాబిన్ వైపు చూశాడు.

"ఈసారి నీ కూతురు ఆ ఉయ్యాలలో ఊగే దగ్గర్నుంచి మొదలెట్టు."