అలుగక్క చెలమ

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడుమ ఒక వాగు. రోహిణి కార్తె వచ్చేసరికి వాగులో ఇసుక తప్ప ఏమీ మిగిలేది కాదు. ఆ ఇసుకలో ఒక అలుగు నీళ్ళ కోసం చెలమ తవ్వింది. అలుగు అంటే తెలుసు కదా, పిల్లలూ. ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, ముందుకాళ్ళకు కొడవళ్ళ లాంటి గోళ్ళు.

చెలమలో నీళ్ళు ఊరతాయి, నిజమే. కానీ ఒడ్డున ఇసుక జారి రోజూ కొంత పూడుతుంది కూడా. అందుకని అలుగు రోజూ పొద్దు పొడవకముందే వెళ్ళి పూడిన ఇసుక తోడి పోసేది. దారినపోయే జంతువులన్నీ అక్కడే నీళ్ళు తాగేవి.

ఒక ముంగిస అది చూసి నవ్వేది.

"నిన్న తోడావు, ఇవాళ పూడింది. ఇవాళ తోడితే రేపు పూడుతుంది. ఎన్నాళ్ళక్కా ఈ చాకిరీ?"

"నిన్నటి నీళ్ళు నిన్ననే తాగేశారు కదరా తమ్ముడూ," అనేది అలుగు, తోడుతూనే.

ఒకనాడు అలుగు కాలిలో తుమ్మముల్లు విరిగింది. కాలు వాచింది.

"మూడు రోజులు చెలమ చూస్తావా?" అని ముంగిసను అడిగింది.

"మూడేం, ముప్పై రోజులు చూస్తాను. నువ్వు పడుకో."

మొదటి రోజు ముంగిస లేచేసరికి ఎండెక్కింది. చెలమలో నీళ్ళు బాగానే ఉన్నాయి. కడుపునిండా తాగి వచ్చేసింది. రెండో రోజు నీళ్ళు అడుగంటాయి. 'రేపు రెండు రోజులదీ కలిపి తోడేస్తే సరి' అనుకుంది.

మూడో రోజు చెలమే లేదు. ఒడ్లు కూలి ఇసుక చదునైపోయింది. పక్కన ఒక దుప్పి నిలబడి ఉంది. దాని పిల్ల నాలుక బయటపెట్టి ఇసుక మీద పడి ఉంది.

"రెండు కొండలు దాటి వచ్చాం బాబూ. ఇక్కడ నీళ్ళుంటాయన్నారు," అంది దుప్పి.

ముంగిస గబగబా తవ్వింది. దోసెడు తోడితే రెండు దోసిళ్ళ ఇసుక జారింది. ఎండ నడినెత్తికి వచ్చింది.

"ఊపిరి ఆడుతోందా?" అని అడిగింది ముంగిస.

దుప్పి తన పిల్ల మూతికి చెవి ఆనించింది. "ఇంకా ఆడుతోంది."

ముంగిస పరుగున అలుగు దగ్గరికి వెళ్ళింది. తప్పు దాచిపెట్టే వేళ కాదని దానికి తెలుసు.

"అక్కా, నేను ఒక్క రోజూ తోడలేదు. అక్కడ ఒక పిల్ల చచ్చిపోయేలా ఉంది."

అలుగు మాట తూలలేదు. మూడు కాళ్ళ మీద కుంటుతూ వచ్చింది.

"బొరియలా తవ్వకు. పళ్ళెంలా వెడల్పుగా తవ్వు, జారదు," అంది.

ముంగిస తవ్వింది. అలుగు ఒంటితో ఇసుకను వెనక్కి నెట్టింది. దుప్పి గిట్టలతో గీరింది. చివరికి తడి ఇసుక తగిలింది. వేలెడు నీరు ఊరింది.

ముంగిస తన కుచ్చుతోకను అందులో ముంచి, పిల్ల నోట్లో పిండింది. మొదటి చుక్కకు పిల్ల కదల్లేదు. రెండో చుక్కకూ కదల్లేదు. దుప్పి కళ్ళు మూసుకుంది. మూడో చుక్కకు పిల్ల నాలుక ఆడింది.

మర్నాడు అలుగు కుంటుకుంటూ వచ్చేసరికి చెలమలోంచి ఇసుక ఎగిరిపడుతోంది.

"నిన్న అంత తోడాం కదరా, మళ్ళీ ఎందుకు?" అంది అలుగు.

ముంగిస తల ఎత్తలేదు.

"నిన్నటి నీళ్ళు నిన్ననే తాగేశారు కదక్కా."

నీతి: నిన్న చేసిన మంచి నిన్న వచ్చినవాళ్ళకు అందింది. ఇవాళ వచ్చేవాళ్ళ కోసం ఇవాళ మళ్ళీ చెయ్యాలి.