పాత పాక కాల్చిన సాయంత్రం

ఇంతకుముందు ఒక్క కథ కూడా రాసి ఎరగను. ఐదో తరగతితో బడి ఆగింది. విన్నది విన్నట్టు చెబుతున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

లింగప్పయ్యగారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి చేత ఏదో ఒక పని చేయించేవారు. ఆయన ఆశ్రమంలో వంట ఓబులమ్మది. యుద్ధంలో సైనికులు కొండ్రాయిపాడును తగలబెట్టినప్పుడు ఆమె చెల్లెలు ఇంట్లోనే కాలిపోయింది. శవాలు దొరికిన ప్రతి ఇంటికీ బయట గొళ్ళెం పెట్టి ఉందట.

యుద్ధం ఆగాక ఐదు రాజ్యాలవాళ్ళు కలిసి ఏటి అవతల న్యాయసభ పెట్టారు. రాజైనా బంటైనా ఎవరు చేసినదానికి వాళ్ళే జవాబు చెప్పుకోవాలన్నారు. సాక్ష్యానికి రమ్మని కబురొచ్చినా, నలుగురిలో నోరు పెగలదని ఓబులమ్మ పోలేదు. ఆ నెలలోనే తిప్పన్న అనే సైనికుడు శిష్యుడిగా చేరాడు. నీళ్ళు మోసేవాడు, తిన్న విస్తరి తనే తీసేవాడు. అయినా ఆమెకు అతని మీద గురి కుదరలేదు. ఏయే ఊళ్ళ మీదికి వెళ్ళావని అడిగితే, "ఊళ్ళ పేర్లు ఎవరికి గుర్తుంటాయక్కా, అన్నీ ఒకేలా ఉండేవి" అన్నాడు. ఆనాటినుంచి వడ్డించేటప్పుడు ఆమె అతని మొహం చూడటం మానేసి చేతులు చూసేది.

ఒక సాయంత్రం తిప్పన్నే గురువుగారిని అడిగాడు. "సామీ, కాల్చమన్నది దళపతి. కాదంటే నా తల తీసేవాడు. ఇప్పుడు సభకు పోతే వీళ్ళు తీస్తారు. చెప్పింది చేసినవాడిని, నేనెందుకు పోవాలి?"

ఆయన పెరటివైపు చెయ్యి చూపారు. "వెనక గడ్డిపాకకు చెదలు పట్టింది. కాల్చెయ్యి నాయనా."

పాత పాక కాల్చేముందు ఎవరైనా తలుపు బార్లా తీసి, కేకేసి, లోపల పిల్లో కోడో ఉంటే బయటికి తోలతారు. ఓబులమ్మ వంటింటి గుమ్మంలో ఆ కేక కోసమే నిలబడింది. తిప్పన్న దివిటీతో వెళ్ళాడు. తలుపు లాగి మూశాడు. గొళ్ళెం పెట్టి, ఊడి రాకుండా పుల్ల దోపాడు. ఆ తర్వాత చూరుకు నిప్పంటించాడు.

ఆమె చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది.

"అయింది సామీ" అంటూ వచ్చాడతను.

"కాల్చమన్నది నేను," అన్నారాయన. "గొళ్ళెం ఎవరు పెట్టమన్నారు నాయనా?"

తిప్పన్న తన చేతులకేసి చూసుకున్నాడు.

మర్నాడు తెల్లవారేసరికి అతను వాకిట్లో ఉన్నాడు, ఏటి దారి ఎటని అడుగుతూ. ఓబులమ్మ సద్ది రెండు మూటలు కట్టింది. ఒకటి అతనికిచ్చి, రెండోది తను చంకన పెట్టుకుని, "నువ్వు ముందు నడు" అంది. ఏరు దాటేదాకా ఆ చేతుల మీంచి చూపు తీయలేదు.